వేడుకలోని అసలు క్షణాలను పట్టుకునే ఫోటోగ్రాఫర్‌ను వెతుక్కోవడం ఎలా?

పెళ్లి ఆల్బమ్ గానీ, రిటైర్‌మెంట్ సభ ఫోటోలు గానీ కొన్నేళ్ల తర్వాత తెరిచినప్పుడు ఇంట్లోవాళ్లు ఎక్కడ ఆగుతారో గమనించండి. వరసగా నిలబడి కెమెరా వైపు చూస్తున్న ఫోటోలను చకచకా తిప్పేస్తారు. వెనక కుర్చీలో కూర్చుని కళ్లు తుడుచుకుంటున్న పెద్దాయన, తలుపు చాటు నుంచి తొంగిచూస్తున్న పాప, చాలా ఏళ్లకు కలిసి చేతులు వదలకుండా మాట్లాడుకుంటున్న ఇద్దరు స్నేహితురాళ్లు కనిపించినప్పుడు మాత్రం వేలు ఆగిపోతుంది. "అరె, ఇది ఎప్పుడు తీశారు?" అంటారు.

అలాంటి ఫోటోలు అదృష్టం కొద్దీ రావు. వాటిని చూడగలిగే కన్ను కొందరు ఫోటోగ్రాఫర్లకు ఉంటుంది, కొందరికి ఉండదు. ఖరీదైన కెమెరా, పెద్ద స్టూడియో, వేలమంది ఫాలోయర్లు ఉన్నంత మాత్రాన ఆ కన్ను ఉన్నట్టు కాదు. అయితే ఉందో లేదో అడ్వాన్స్ ఇచ్చే ముందే చాలావరకు తెలుసుకోవచ్చు. ఆ పద్ధతి మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ చెబుతున్నాను. మీకు టైమ్ తక్కువుంటే మూడో మెట్టు ఒక్కటైనా వదలకండి.

1. కార్యక్రమాల జాబితా కాదు, మనుషుల జాబితా రాయండి

ఫోటోగ్రాఫర్‌ను వెతకడం మొదలుపెట్టగానే చాలామంది ఏ ఘట్టం ఎప్పుడు జరుగుతుందో రాసుకుంటారు. అదీ కావాలి, కానీ తర్వాత. ముందు మనుషుల గురించి ఆలోచించండి. ఈ వేడుకకు వచ్చేవాళ్లలో మీరు పదేళ్ల తర్వాత ఎవరి ముఖం కోసం వెతుకుతారు? వయసు పైబడినవాళ్లెవరు? చాలా దూరం నుంచి, చాలా కాలానికి వస్తున్నవాళ్లెవరు? అన్ని పనులూ నెత్తిన వేసుకుని తిరుగుతూ ఏ ఫోటోలోనూ కనిపించకుండా పోయేదెవరు? ప్రతి ఇంట్లోనూ అలాంటివాళ్లు ఒకరిద్దరు ఉంటారు. ఆల్బమ్ వచ్చాక చూస్తే వాళ్లే ఉండరు.

ఒక్కో పేరూ విడిగా రాసేకంటే జంటలుగా రాస్తే బాగా ఉపయోగపడుతుంది. తాతయ్య, ఆయన పెద్ద మనవరాలు. కాలేజీ హాస్టల్లో ఒకే గదిలో ఉన్న ముగ్గురు. రిటైరవుతున్న మేడమ్, ఆమె పని నేర్పిన మొదటి జూనియర్. మనకు గుర్తుండిపోయే ఫోటోలు ఎక్కువగా ఇద్దరి మధ్య జరిగేవే కాబట్టి ఇలా రాసుకుంటే మీకేం కావాలో మీకే స్పష్టమవుతుంది.

నిలబెట్టి తీసే ఫోటోలు ఎన్ని కావాలో, ఎవరికీ తెలియకుండా తీసే క్యాండిడ్ ఫోటోలు ఎన్ని కావాలో కూడా ఇంట్లో ముందే మాట్లాడుకోండి. అమ్మానాన్నలకు గ్రూప్ ఫోటోలు ముఖ్యం, మీకు క్యాండిడ్ ముఖ్యం అయితే ఇద్దరి మాటా నిలబడేలా చూడాలి. గ్రూప్ ఫోటోలను చిన్నచూపు చూడకండి. బంధువులందరూ ఒకచోట ఉన్న ఏకైక ఫోటో కొన్నేళ్లకు ఎంత విలువైనదవుతుందో ఊహించలేం.

2. వెతికేటప్పుడు సరైనవాళ్లను సరైన ప్రశ్న అడగండి

ఈమధ్యే వేడుక జరిగినవాళ్లను అడిగితే ఆ సంబరంలో ఉండి అందరినీ మెచ్చుకుంటారు. వేడుక జరిగి ఏడాది దాటినవాళ్లను అడగండి. అప్పటికి ఆల్బమ్ చేతికొచ్చి ఉంటుంది, ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారో లేదో తేలిపోయి ఉంటుంది.

"బాగా తీశారా?" అని అడిగితే "బాగానే తీశారు" అంటారు, దాంతో మీకు ఏమీ తెలియదు. "ఆ రోజు మీరు చూడని సంగతి ఏదైనా ఫోటోల్లో చూశారా?" అని అడగండి. నా దృష్టిలో ఇంతకంటే పనికొచ్చే ప్రశ్న లేదు. "అవును, నేను లోపల ఉన్నప్పుడు నాన్న ఒక్కరే బయట వరండాలో నిలబడి ఉన్న ఫోటో ఉంది" అని ఎవరైనా చెబితే ఆ ఫోటోగ్రాఫర్ నంబర్ వెంటనే తీసుకోండి. చెప్పిన తేదీకి ఫోటోలు ఇచ్చారా, పిల్లలతో, పెద్దవాళ్లతో ఎలా మాట్లాడారు అన్నవి కూడా అడగండి.

హాల్ మేనేజర్లు, డెకరేషన్ చేసేవాళ్లు, మేకప్ చేసేవాళ్లు రోజూ రకరకాల ఫోటోగ్రాఫర్ల పక్కనే పనిచేస్తుంటారు. ఎవరు విసుక్కుంటారో, ఎవరు చివరి దాకా ఓపికగా ఉంటారో వాళ్లకు బాగా తెలుసు. సోషల్ మీడియాలో వెతకడం తప్పు కాదు, కాకపోతే అది పేర్లు పోగుచేసుకోవడానికే. లైకుల సంఖ్య చూసి నిర్ణయానికి రావద్దు. ఐదారు పేర్లతో మొదలుపెట్టి, తర్వాతి మెట్టు దాటేసరికి ఇద్దరు ముగ్గురికి తగ్గించుకోండి.

3. ఒకే వేడుక ఫోటోలన్నీ మొదటి నుంచి చివరి దాకా చూడండి

వెబ్‌సైట్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో కనిపించే ముప్పై ఫోటోలు ముప్పై వేర్వేరు వేడుకల నుంచి ఏరినవి కావచ్చు. వందల గంటలు పనిచేసిన ఎవరికైనా ముప్పై మంచి ఫోటోలు వస్తాయి. మీకు అందేది మాత్రం ఒక్క రోజు పని. కాబట్టి ఒకే వేడుకకు సంబంధించిన పూర్తి గ్యాలరీ అడగండి. మీ వేడుకలాంటిదే, మీ హాల్లాంటి వెలుతురులోనే జరిగింది అయితే ఇంకా మంచిది. రాత్రిపూట ఇండోర్‌లో మీ కార్యక్రమం ఉంటే, పగటిపూట తోటలో తీసిన గ్యాలరీ చూసి ఏమీ తేల్చుకోలేరు.

అది వేరే కుటుంబం వేడుక కాబట్టి వాళ్ల అనుమతి తీసుకుని, పాస్‌వర్డ్ పెట్టి చూపిస్తామని ఫోటోగ్రాఫర్ అంటే సంతోషించండి. రేపు మీ ఫోటోల విషయంలోనూ అంతే జాగ్రత్తగా ఉంటారు. లింక్ పంపడం కుదరకపోతే, అనుమతి ఉన్న ఆల్బమ్‌ను ఎదురుగా కూర్చోబెట్టి చూపించమనండి. ఏ రకంగానూ చూపించడానికి ఒప్పుకోనివాళ్లను జాబితాలోంచి తీసేయండి.

గ్యాలరీ తెరిచాక తొందరపడకండి. మొదట ఏ ఫోటో దగ్గరా ఆగకుండా ఒకసారి తిప్పండి. ఆ కుటుంబం ఎవరో మీకు తెలియకపోయినా, ఎవరికి ఎవరు దగ్గరో అర్థమవుతోందా? చివరికి వచ్చేసరికి ఇద్దరు ముగ్గురు మనుషులు గుర్తుండిపోయారా? అర్థమైతే ఆ ఫోటోగ్రాఫర్ మనుషుల్ని చూశారు. దుస్తులు, పూలు, లైట్లు మాత్రమే గుర్తుంటే, చూసింది వాటినే.

రెండోసారి నెమ్మదిగా చూడండి. ఒక ఘట్టం జరుగుతున్నప్పుడు కెమెరా దానివైపే ఉందా, చూస్తున్నవాళ్ల ముఖాలవైపు కూడా తిరిగిందా అన్నది మొదట చూడాలి. 1937లో లండన్‌లో ఆరో జార్జ్ రాజుకు పట్టాభిషేకం జరిగినప్పుడు ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ ఆన్రీ కార్టియే బ్రెసన్ ఒక పత్రిక తరఫున వెళ్లి రాజును తీయలేదు. ఊరేగింపు చూడ్డానికి వీధుల్లో గుమిగూడిన జనాన్ని తీశాడు. ఆ ఫోటోలు ఈరోజుకీ చూస్తున్నారు. మీ వేడుకలో ముఖ్యమైనవాళ్లను వదిలేసి పక్కవాళ్లను తీయాలని కాదు. ఉంగరం తొడిగే చేయి ఒక ఫోటో అయితే, అది చూస్తున్న తల్లి ముఖం ఇంకో ఫోటో. గ్యాలరీలో రెండూ ఉండాలి.

ఘట్టానికి ముందూ వెనకా ఏం తీశారో చూడండి. బహుమతి అందుకునే క్షణం అందరూ తీస్తారు. పేరు పిలవక ముందు కుర్చీలో కూర్చుని చేతులు నలుపుకుంటున్న క్షణం, స్టేజీ దిగి వచ్చి స్నేహితురాలి భుజం మీద తలవాల్చిన క్షణం కొందరే తీస్తారు. అది వేగంగా బటన్ నొక్కడం వల్ల వచ్చేది కాదు. ఇప్పటి మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల్లో చాలావరకు సెకనుకు 10 నుంచి 20 ఫోటోలు తీయగలవు. కార్టియే బ్రెసన్ మాత్రం ఎక్కువ కాలం చిన్న లైకా కెమెరా, 50 మిల్లీమీటర్ల లెన్సుతోనే పనిచేశాడు. ఇప్పుడేం జరగబోతోందో ముందే పసిగట్టి అక్కడ సిద్ధంగా ఉండటమే ఈ పనిలో అసలు నేర్పు.

నటింపజేసిన క్యాండిడ్‌ను గుర్తుపట్టడం నేర్చుకోండి. ఈ రోజుల్లో ఇది చాలా ఎక్కువైంది. అందరూ ఒకేసారి పగలబడి నవ్వుతుంటారు, వెనక ఒక్క మనిషీ ఉండడు, లైటు సరిగ్గా చెంప మీదే పడుతుంది. ఒక ఫోటోగ్రాఫర్‌వి మూడు వేర్వేరు గ్యాలరీలు పక్కపక్కన తెరిస్తే అదే నవ్వు, అదే తలవంపు, అదే వెనక్కి తిరిగి చూడటం మూడింటిలోనూ కనిపిస్తాయి. అలా తీయించుకోవడం మీకిష్టమైతే తప్పేమీ లేదు, చూడ్డానికి బాగుంటాయి కూడా. కానీ మీ వేడుకలో నిజంగా జరిగినది వాటిలో ఉండదు.

ఇక పనితనం. చీకటి హాల్లో తీసిన ఫోటోల్లో ముఖాలు స్పష్టంగా ఉన్నాయా? వెలుతురు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు; పసుపు బల్బుల వెలుతురు సుమారు 2700 నుంచి 3200 కెల్విన్, పగటి వెలుతురు, ఫ్లాష్ 5500 దగ్గర ఉంటాయి. ఈ రెండూ కలిసినచోట సగం ముఖం నారింజగా, సగం నీలంగా వస్తుంది. దాన్ని సరిచేయడం వచ్చినవాళ్ల గ్యాలరీలో మనిషి ఒంటిరంగు ఉదయం నుంచి రాత్రి దాకా ఒకేలా ఉంటుంది. ఎడిటింగ్‌లో అందరినీ తెల్లగా చేసేశారా, ముడతలన్నీ తుడిచేసి మైనపు బొమ్మల్లా మార్చారా అని ప్రత్యేకంగా చూడండి. అమ్మమ్మ ముఖంలో ముడతలు లేకపోతే ఆ ఫోటోలో ఉన్నది అమ్మమ్మ కాదు. ఒకే క్షణానివి ఇరవై ఫోటోలు వరసగా ఉంటే ఏరడానికి ఓపిక పట్టలేదని అర్థం.

ఫోటోలు నిజంగా వాళ్లవేనా అన్న అనుమానం వస్తే గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతకండి. అదే ఫోటో ఇంకెవరి పేరుతోనో కనిపిస్తే సంగతి తేలిపోతుంది.

4. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడండి

ముందుగా ఒక్క విషయం తేల్చుకోండి: మీతో మాట్లాడుతున్న మనిషే ఆ రోజు కెమెరా పట్టుకుంటారా? పెద్ద స్టూడియోల్లో మాట్లాడేది ఒకరు, గ్యాలరీ ఇంకొకరిది, వచ్చేది మూడోవాళ్లు కావడం మామూలే. ఎవరు వస్తారో పేరుతో సహా చెప్పమనండి. మీరు చూసిన గ్యాలరీ ఆ మనిషిదే అయి ఉండాలి.

వాళ్లు మిమ్మల్ని ఏం అడుగుతున్నారో వినండి. ప్యాకేజీ, డ్రోన్, ఆల్బమ్ అట్ట గురించే మాట్లాడేవాళ్లు ఒక రకం. "ఇంట్లో పెద్దవాళ్లు ఎవరెవరు ఉంటారు? పిల్లలు కొత్తవాళ్లతో కలుస్తారా? ఆ రోజు మీకు ఏ విషయంలో టెన్షన్‌గా ఉంటుంది?" అని అడిగేవాళ్లు ఇంకో రకం. మీకు కావలసింది రెండో రకం.

మీరు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. "ఫ్లాష్ వాడొద్దంటే చీకట్లో ఎలా తీస్తారు?" ఎఫ్ 1.4, 1.8 లాంటి వెడల్పాటి అపర్చర్ లెన్సులు (ఎక్కువ వెలుతురును లోపలికి రానిచ్చేవి) వాడతామనో, ఐఎస్ఓ (తక్కువ వెలుతురులోనూ ఫోటో వచ్చేలా పెంచుకునే సెట్టింగ్) 3200, 6400 దాకా పెంచినా పనికొచ్చే కెమెరా ఉందనో తడుముకోకుండా చెప్పాలి. "శబ్దం లేకుండా తీయగలరా?" మౌనంగా ఉండాల్సిన సందర్భాల్లో సైలెంట్ షట్టర్ మేలు. అయితే కొన్ని ఎల్ఈడీ లైట్ల కింద అది వాడితే ఫోటోలో అడ్డచారలు పడతాయి. ఆ సంగతి మీరు అడగకుండానే చెప్పిన మనిషికి పని బాగా తెలుసు. "కెమెరాలో ఒకేసారి రెండు కార్డుల్లో సేవ్ చేస్తారా? రెండో కెమెరా తెస్తారా? ఆ రోజు మీకు జ్వరం వస్తే ఎవరొస్తారు?" ఈ మూడింటికీ నీళ్లు నమిలితే ముందుకు వెళ్లకండి. జరిగిపోయిన వేడుకను మళ్లీ జరిపించలేం.

"ఫోటో సరిగ్గా రాకపోతే ఆపి మళ్లీ చేయమంటారా?" అని కూడా అడగండి. గ్రూప్ ఫోటోలకు అడగొచ్చు. తండ్రి కూతుర్ని దగ్గరకు తీసుకుంటున్నప్పుడు "సార్, ఇంకోసారి" అంటే అక్కడే ఆ క్షణం చచ్చిపోతుంది.

వీడియో తీసేవాళ్లు వేరే టీమ్ అయితే ఇద్దరినీ ముందే కలపండి. నిలువెత్తు లైట్లు ముఖంలోకి కొట్టడం, ఒకరికొకరు అడ్డం పడటం దాదాపు ప్రతి వేడుకలోనూ జరుగుతుంది. క్యాండిడ్ ఫోటోలను ఎక్కువగా పాడుచేసేది ఇదే.

5. వీలైతే ఒక చిన్న పని ఇచ్చి చూడండి

పెద్ద వేడుకకు ఇంకా నెలలు ఉంటే, ఇంట్లో నలుగురు కలిసే సందర్భానికి గంటా రెండు గంటలు డబ్బిచ్చి పిలవండి. వచ్చిన ఫోటోల సంగతి అలా ఉంచి, ఆయనో ఆమో గదిలో ఉన్నప్పుడు మీవాళ్లు ఎలా ఉన్నారో చూడండి. అరగంట తర్వాత కూడా అందరూ బిగుసుకుపోయి ఉంటే ఆ మనిషి మీ ఇంటికి సరిపడరు.

6. రేటు కాదు, రేటులో ఏముందో పోల్చండి

ముగ్గురి దగ్గర రేట్లు తీసుకున్నాక అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే మోసపోతాం. ఎన్ని గంటలు, ఎంతమంది ఫోటోగ్రాఫర్లు, ఎడిట్ చేసిన ఫోటోలు సుమారు ఎన్ని, ఆల్బమ్ కలిపా విడిగానా, ప్రయాణ ఖర్చు ఎవరిది, గంటలు దాటితే ఎంత అన్నవి ఒకే కాగితం మీద రాసుకుంటే అసలు తేడా బయటపడుతుంది.

డబ్బు తగ్గించుకోవాల్సి వస్తే డ్రోన్, రీల్స్, మెరిసే ఆల్బమ్ అట్టలు తగ్గించండి. మంచి ఫోటోగ్రాఫర్‌ను తగ్గించకండి. పెద్ద వేడుక అయితే మిగిలిన డబ్బుతో రెండో ఫోటోగ్రాఫర్‌ను పెట్టుకోండి. స్టేజీ వైపు ఒకరు, మనుషుల వైపు ఒకరు ఉంటే పైన చెప్పిన తల్లి ముఖం తప్పిపోదు.

మాట ఎంత బాగున్నా ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. తేదీ, సమయం, వచ్చే మనిషి పేరు, అడ్వాన్స్, వాయిదా పడినా రద్దయినా ఏం చేయాలి, ఫోటోలు ఇచ్చే గడువు, ఎన్నిసార్లు మార్పులు అడగొచ్చు, ఫైళ్లను ఎన్నాళ్లు దాస్తారు అన్నవి అందులో ఉండాలి. కాపీరైట్ చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంది. కొన్నిచోట్ల తీసినవాళ్లదే హక్కు, కొన్నిచోట్ల డబ్బిచ్చి తీయించుకున్నవాళ్లది. అందుకే ఎవరెవరు ఏం చేయొచ్చో స్పష్టంగా రాసుకోండి. మీ ఫోటోలు వాళ్ల పేజీలో పెట్టుకోవచ్చా, పిల్లల ముఖాలు పెట్టొచ్చా అన్నది మీ ఇష్టం. అది కూడా రాయాలి.

రా (RAW) ఫైళ్లు, అంటే కెమెరా నుంచి వచ్చిన ఎడిట్ చేయని ఫైళ్లు, ఇవ్వడానికి చాలామంది ఒప్పుకోరు. అవి ఇంకా వండని సరుకు కాబట్టి ఆ పట్టుదలలో న్యాయం ఉంది. మీరు పట్టుబట్టాల్సింది పూర్తి సైజు జేపెగ్ ఫైళ్ల కోసం. 12 బై 18 అంగుళాల ప్రింటు అంగుళానికి 300 చుక్కల నాణ్యతతో రావాలంటే 5400 బై 3600 పిక్సెల్స్, అంటే సుమారు 19 మెగాపిక్సెల్స్ కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో అంత ఉండదు.

7. వేడుకకు వారం ముందు ఒక పేజీ రాసి ఇవ్వండి

మొదటి మెట్టులో రాసుకున్న జంటల జాబితా ఇప్పుడు తీయండి. వీలైతే పక్కన వాళ్ల ఫోటోలు కూడా పెట్టండి. ఎవరు ఎప్పుడు వస్తారు, ఎవరు త్వరగా వెళ్లిపోతారు, ఎవరికి ఫోటో తీస్తే ఇబ్బంది, విడిపోయిన ఏ ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టకూడదు, ఈమధ్య ఏ ఇంట్లో మనిషి పోయారు అన్నవి చెప్పండి. ఇవి తెలిసిన ఫోటోగ్రాఫర్ సరైన చోట ఉంటారు, అనకూడని మాట అనకుండా ఉంటారు. "ఈ వందా తప్పకుండా తీయండి" అని పెద్ద చిట్టా మాత్రం ఇవ్వకండి. దాన్ని టిక్కులు పెట్టుకుంటూ తిరిగే మనిషికి చుట్టూ చూసే తీరిక ఉండదు.

గ్రూప్ ఫోటోలకు విడిగా టైమ్ పెట్టండి. ఒక్కో గ్రూపుకు మూడు నిమిషాలు అనుకున్నా పదిహేను గ్రూపులకు ముప్పావు గంట పడుతుంది. అందరినీ పేరు పెట్టి పిలవగల ఒక బావమరిదినో పిన్నినో ఆ పనికి పెట్టండి.

8. ఆ రోజు వాళ్లను వదిలేయండి

ఎంపిక జాగ్రత్తగా చేశారు కాబట్టి ఇక నమ్మండి. "ఇటు రండి, ఇది తీయండి" అని ఇరవైసార్లు పిలిస్తే, వాళ్లు కనిపెట్టుకుని కూర్చున్న చోటి నుంచి లేపినట్టే. కెమెరా మీవైపు తిరిగినప్పుడు దానివైపు చూడకండి. ముఖ్యమైన ఘట్టంలో అతిథులు ఫోన్లు పట్టుకుని అడ్డం నిలబడకుండా ముందే ఒకరితో చెప్పించండి. ఫోటోగ్రాఫర్లకు భోజనం వేళకు పెట్టించండి.

9. ఫోటోలు చేతికొచ్చాక

వేడుక ముగిసిన రాత్రే ఫైళ్లు కాపీ అయ్యాయని ఒక మెసేజ్ పెట్టమనండి. ఫోటోలు అందాక మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజీలో, అందులో ఒకటి వేరేచోట ఉండేలా దాచండి. ఇంట్లో హార్డ్‌డిస్క్, ఇంకో బంధువు ఇంట్లో పెన్‌డ్రైవ్, క్లౌడ్‌లో ఒకటి ఉంటే చాలు.

గ్యాలరీ మొదటిసారి మీరొక్కరే చూసి ముగించకండి. పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుని చూడండి. మీకు తెలియని మనుషులు, తెలియని కథలు వాళ్లు చెబుతారు. పేర్లు అప్పుడే రాసి పెట్టుకోండి. మీ జాబితాలో ఉన్నవాళ్లెవరైనా కనిపించకపోతే వెంటనే ఫోటోగ్రాఫర్‌ను అడగండి. ఏరేటప్పుడు పక్కన పెట్టిన ఫ్రేముల్లో ఆ మనిషి ఉండే అవకాశం ఉంది. ఒప్పందంలో రాసుకున్న గడువు దాటాక ఆ ఫైళ్లను తుడిచేయవచ్చు, అందుకే మొదటి వారంలోనే ఈ పని పూర్తిచేయండి.